వెనక దీపం

వంకాయలు ఏరడంలో మా వంశంలో నాదే పైచెయ్యి. తొడిమ చూసి పుచ్చో కాదో చెప్పేస్తాను. పెళ్ళికి చీరలు ఎంచాలన్నా, బియ్యంలో రాళ్ళు పట్టాలన్నా ఇంటిల్లిపాదీ నన్నే పిలుస్తారు. అయితే ఈ డెబ్భయ్యో పడిలో, అమెరికాలో డెన్వర్ ఊరి శివార్లలో, మా అమ్మాయింటి గ్యారేజీలో కుర్చీ వేసుకుని కూచుని జీపుకి వెనక దీపాలు ఎంచుతానని మాత్రం కలలోనైనా అనుకోలేదు.

సంగతేమిటంటే, మా అమ్మాయి కొడుకు మొదటి జీతాలు కూడబెట్టి ఒక పాత జీపు కొన్నాడు. 2008 మోడలు. “ఇంట్లో ఉన్న కార్లు చాలవట్రా?” అంటే, “అవి రోడ్డు మీద నడిచేవి అమ్మమ్మా, ఇది రోడ్డు లేనిచోట నడిచేది” అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మా చిన్నప్పుడు రోడ్లు లేక జీపులు పొలాల్లో నడిపేవాళ్ళు. వీళ్ళేమో అద్దంలాంటి రోడ్లుండగా, అవి లేనిచోటు వెతుక్కుంటూ ఆరుగంటలు ప్రయాణం చేసి మరీ వెళ్తారు. పక్క రాష్ట్రం యూటాలో మోయబ్ అనే ఊరుంది. అక్కడి ఎర్రరాతి కొండల మీద జీపులెక్కించడానికి 1967 నించీ ఏటా ఈస్టరుకి పెద్ద తిరణాలే జరుగుతోంది.

ఆ రాళ్ళకి కొట్టుకుంటే కంపెనీవాళ్ళిచ్చిన బంపరు నిలవదట. అందుకని వీడు ఉక్కురేకు కొనితెచ్చి, కోసి, వంచి, అతికి వెనక బంపరు సొంతంగా తయారుచేసుకుంటున్నాడు. అందులో రెండు దీపాలు అమర్చాలి. మనం రివర్సు లైట్లంటాం, వీళ్ళు బ్యాకప్ లైట్లంటారు. బండి వెనక్కి నడిపేటప్పుడు వెలిగేవి. అయితే ఉక్కుకి ఒకసారి చిల్లి పెడితే మళ్ళీ పూడ్చడం కష్టం. ఏ దీపమో ముందు తేల్చుకుంటేగాని చిల్లి పెట్టడానికి లేదు. ఒకరోజు మూడు రకాల దీపాలు తెచ్చి భోజనాల బల్లమీద పెట్టి, “అమ్మమ్మా, ఏది బావుంది?” అన్నాడు, తమాషాకే.

ఒకటి స్పాట్ లైటు. ఫర్లాంగు దూరానికి సన్నగా, సూటిగా వెలుగు కొడుతుందిట. రెండోది ఫ్లడ్ లైటు. దగ్గరలోనే, వెడల్పుగా పరుచుకుంటుంది. మూడోది చామంతిపువ్వు రంగులో వెలిగేది. వాడి మనసు మొదటిదాని మీదుందని వాడి చేతులే చెబుతున్నాయి, దాన్నే తిప్పితిప్పి చూస్తున్నాడు.

“వెనక్కి వెళ్ళేటప్పుడు ఫర్లాంగు దూరాన ఏముందో నీకెందుకురా?” అన్నాను.

వాడి దగ్గర జవాబు లేదు. కానీ ఆ ప్రశ్న నన్ను మాత్రం వదల్లేదు. అసలు బండి వెనక దీపం ఎందుకొచ్చింది, ఎవరికోసమొచ్చింది? మధ్యాహ్నాలు నిద్ర మానేసి, వాడి చేత పుస్తకాలు తెప్పించుకుని చదివాను. చదివినకొద్దీ, ఇది మోటార్ల కథ కాదు, మన కథేననిపించింది.

మన ఎడ్లబండి సంగతి చూడండి. రాత్రి ప్రయాణమైతే ఇరుసు కింద లాంతరు కట్టేవారు. అటూ ఇటూ ఊగుతూ, ఎద్దుల కాళ్ళ నీడలు రోడ్డంతా పరిచేది. బండిలోవాళ్ళకి అది దారి చూపించేదేం కాదు. దారి ఎద్దులకే తెలుసు. బండి వస్తోందని ఎదటివాళ్ళకీ, వెనకవాళ్ళకీ తెలియాలని ఆ దీపం. మోటారు వచ్చాక ఆ వరస తిరగబడింది. దీపాలన్నీ ముందుకొచ్చాయి. కార్బైడు గడ్డల మీద నీటిచుక్కలు పడితే పుట్టే గ్యాసుతో ఇత్తడి దీపాలు వెలిగించేవారు. పూర్వం సంతల్లో అంగళ్ళముందు ఘాటువాసన వేస్తూ వెలిగేవే, ఆ గ్యాసే. వాటిని రోజూ తోమి మెరిపించాలి. బండి దర్జా అంతా ముందుదీపాల్లోనే ఉండేది.

మరి వెనకో? ఇంగ్లండులో 1903లో మోటారు చట్టం చేసి, 1904 జనవరి 1 నించీ బళ్ళకి నంబర్లు తప్పనిసరి చేశారు. రాత్రిపూట ఆ నంబరు కనబడాలి గనక వెనకొక దీపం ఉండాలన్నారు. చూశారా! వెనక నిలబడ్డవాడి క్షేమం మాట తర్వాత, ముందు పోలీసుకి నంబరు కనబడాలి.

వెనక్కి నడపడమంటే ఆ రోజుల్లో చిన్న పనేమీ కాదు. 1908లో ఫోర్డు కంపెనీ మోడల్ టి కారు తెచ్చింది. దాని పెట్రోలు టాంకు సీటు కింద ఉండేది. నూనె పంపు లేదు, పల్లానికి నీరులా పెట్రోలు తనంత తానే ఇంజనులోకి పారాలి. నిట్రమైన మెట్ట ఎక్కితే ఇంజను పైకి లేచి, టాంకు కిందికి పోయి, పెట్రోలు అందక బండి ఆగిపోయేది. అప్పుడేం చేసేవారంటే, బండిని వెనక్కి తిప్పి, వెనక గేరులో, వీపు చూపిస్తూ కొండెక్కేవారు! పైగా ఆ కారుకి వెనక గేరే బలమైనది. రాత్రివేళ అయితే దీపం కొండకింద లోయకి, బండి పోయేది పైకి. ఆ నడిపేవాడి భార్య పక్కన కూచుని ఏ దేవుణ్ణి తలుచుకునేదో, ఎవరూ రాయలేదు.

బండిని వెనక్కి నడిపేటప్పుడు మాత్రమే వెలిగే దీపం మొదటగా 1921లో విల్స్ సెంట్ క్లేర్ అనే కారులో వచ్చిందని సాధారణంగా చెబుతారు. ఆ కారు కట్టిన హెరాల్డ్ విల్స్ అంతకుముందు ఫోర్డు దగ్గర పనిచేసినవాడే. ఫోర్డు పేరు వంపులు తిరిగిన అక్షరాల్లో రాసి ఉంటుందే, ఆ దస్తూరీ కూడా అతనిదేనంటారు. ఎంతో శ్రద్ధగా కారు కట్టాడు. ఆ శ్రద్ధే కొంప ముంచింది కాబోలు, ఖరీదెక్కువై, నాలుగైదేళ్ళకే కంపెనీ మూతపడింది.

అయితే వెనక్కి చూడాలన్న ఆలోచన మగవాళ్ళకంటే ముందు ఎవరికొచ్చిందో చెప్పనా? డొరొతీ లెవిట్ అని ఒక ఇంగ్లీషు యువతి. కార్ల పందాల్లో పాల్గొనేది. 1909లో ఆడవాళ్ళు కారు నడపడం గురించి ఒక పుస్తకమే రాసింది. సీటు కింద సొరుగులో ఏమేం పెట్టుకోవాలో అందులో జాబితా ఇచ్చింది. చేతి తొడుగులు, రుమాళ్ళు, చాక్లెట్లతోపాటు చేతి అద్దం కూడా. ఆ అద్దం ముఖం చూసుకోవడానికి మాత్రమే కాదుట. అప్పుడప్పుడూ ఎత్తి పట్టుకుంటే వెనక వచ్చే బళ్ళు కనబడతాయంది. 1911లో ఇండియానాపొలిస్ పందెంలో రే హారూన్ అనే ఆయన కారుకి అద్దం బిగించి గెలిచాడు. మోటారు చరిత్రల్లో అద్దం కథ సాధారణంగా అక్కడ మొదలెడతారు. రెండేళ్ళ ముందే మన అమ్మాయి సొరుగులోంచి తీసి చూపించిందని వాళ్ళకి తట్టదేం?

ఇంకొకావిడ ఫ్లోరెన్స్ లారెన్స్. మూగచిత్రాల కాలంలో పెద్ద తార. కారు నడపడమంటే ప్రాణం. 1914 ప్రాంతంలో, మీట నొక్కితే వెనకవాళ్ళకి మలుపు తెలిపే చెయ్యీ, బ్రేకు తొక్కగానే వెనకవైపు ‘ఆగు’ అని లేచే పలకా తయారుచేసింది. పేటెంటు మాత్రం తీసుకోలేదు. వాళ్ళమ్మ కూడా తక్కువేం కాదు, అద్దం తుడిచే వైపరు కరెంటుతో తిరిగేలా చేసి 1917లో పేటెంటు తీసుకుంది. అంతకుముందే, 1903లో, చేత్తో తిప్పే వైపరుకి పేటెంటు పొందినావిడా ఆడమనిషే, మేరీ ఆండర్సన్. వీళ్ళెవరికీ పెద్దగా దక్కిందేమీ లేదు. ఈ మాట మావాడికి చెబితే, “నిజమా అమ్మమ్మా?” అని చేతిలో స్పానరు కింద పెట్టాడు.

ఇక వాడి జీపు పుట్టుక. 1940లో, యుద్ధం ముంచుకొస్తోందని అమెరికా సైన్యం ఒక చిన్న బండి కావాలంది. నమూనా బండికి ఇచ్చిన గడువు నలభై తొమ్మిది రోజులు! బాంటమ్ అనే చిన్న కంపెనీ గడువులోపల కట్టి చూపించింది. పెద్ద ఆర్డర్లు మాత్రం విల్లీస్‌కీ, ఫోర్డుకీ వెళ్ళాయి. ఆ యుద్ధకాలం జీపుకి నాకు నచ్చిన తెలివి ఒకటుంది. దాని ముందుదీపాలని మడతబందు మీద వెనక్కి తిప్పితే ఇంజను మీద వెలుగు పడుతుంది. రాత్రి ఇంజను చెడితే ఇంకో దీపం వెతుక్కోనక్కర్లేదు.

వెనకవైపు మాత్రం చీకటిలో వాడుకోవడానికి పిల్లికళ్ళలాంటి సన్నటి ఎర్రదీపాలు ఉండేవి. విమానాలకి కనబడకూడదు, వెనకొచ్చే జీపువాడికి కనబడాలి. అందులోనే దూరం కొలిచే ఉపాయం పెట్టారు. అరవై అడుగులలోపు ఉంటే ఒక్కో దీపంలోని చీలికలన్నీ విడివిడిగా కనిపిస్తాయి, మరీ దగ్గరికొచ్చావని అర్థం. నూట ఎనభై అడుగులు దాటితే అన్నీ కలిసి ఒక్క చుక్కే, వెనకబడిపోయావని. ఆ రెంటికీ మధ్య రెండు చుక్కలు కనిపిస్తూ ఉంటే సరైన దూరం. ఎంత ఆలోచించారో! కానీ బండి వెనక్కి నడిపేందుకు తెల్లదీపం ఊసే లేదు ఆ జీపులో.

ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూచున్నాను. మా చిన్నప్పటి జీపు గుర్తొచ్చింది.

1962 ప్రాంతం. మా నాన్నగారు సమితి ఆఫీసులో పనిచేసేవారు. సాయంత్రాలు జీపు ఆయన్ని మా సందులో దింపి, వెనక్కి వెళ్ళి మలుపు తిరిగేది. మా ఊరికి అప్పటికి కరెంటు రాలేదు. జీపుకి వెనక దీపం లేదు. ఉన్న దీపమల్లా క్లీనరు కుర్రాడే. వెనక నిలబడి, బండి మీద అరచేత్తో తడుతూ “రానీ, రానీ” అనేవాడు. ఆ రోజు క్లీనరు రాలేదు. డ్రైవరు తల బయటికి పెట్టి చూసుకుంటూ వెనక్కి పోనిస్తున్నాడు. మూడేళ్ళ మా తమ్ముడి గోళీ దొర్లి జీపు వెనక్కి వెళ్ళింది, దాని వెంట వాడూ వెళ్ళాడు. నేను అరుగు మీదే ఉన్నాను, చూడలేదు.

అమ్మ లోపల లాంతరు చిమ్నీ తుడుస్తోంది. జీపు చప్పుడు వినగానే పిల్లల తలలు లెక్కపెట్టుకోవడం ఆవిడకి అలవాటు. ఒక తల తక్కువైంది. వెలిగించిన లాంతరుతో ఒక్క ఉదుటున సందులోకొచ్చి, “హోల్డాన్!” అని అరిచింది. బస్సు కండక్టర్ల నోట విన్న మాట. పరాయి మగవాళ్ళ ముందు గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి. జీపు ఆగింది. చక్రానికీ వాడికీ జానెడు. వాడు గోళీ పిడికిట్లో పెట్టుకుని నవ్వుతున్నాడు. డ్రైవరు కిందికి దిగి, గోడకి చేరగిలబడిపోయాడు పాపం. మర్నాటినించీ, క్లీనరున్నా లేకపోయినా, జీపు చప్పుడైతే చాలు, అమ్మ లాంతరు పట్టుకుని సందులో నిలబడేది.

ఆ లాంతరు వెలుగెంతా? నాలుగు గజాలు. ఆ నాలుగు గజాలే కావలసినవి.

అమెరికాలో కొత్తకార్లకి ఈ వెనక తెల్లదీపం తప్పనిసరి చేసింది 1960ల చివర్లోగాని కాదు. అది కూడా చాల్లేదు. 2002లో న్యూయార్క్ దగ్గర ఒక తండ్రి, స్వయానా పిల్లల వైద్యుడు, రాత్రివేళ తన ఇంటి ముందే పెద్దబండిని జాగ్రత్తగా వెనక్కి నడుపుతూ, రెండేళ్ళ కొడుకు వెనకున్నాడని తెలియక పోగొట్టుకున్నాడు. ఎత్తైన బండి, ఎంత అద్దంలో చూసినా వెనక కిందనున్న బిడ్డ కనబడడు. ఆ తండ్రి ఇంట్లో కూచుని ఏడవలేదు, ఏళ్ళతరబడి తిరిగాడు. ఆయనా, అలాంటి తల్లిదండ్రులూ కలిసి పోరాడితే 2008లో ఆ బిడ్డ పేరుమీదే చట్టమొచ్చింది. కొత్తబళ్ళన్నిటికీ వెనక కెమెరా ఉండాలన్న నిబంధన పూర్తిగా అమలుకొచ్చేసరికి 2018 మే అయింది. మన దేశంలో 2019 జూలై నించీ కొత్తకార్లకి, వెనక ఏదైనా అడ్డముంటే కూతపెట్టే యంత్రం ఉండాలన్నారు. మావాడి జీపు 2008 నాటిది గనక దానికి కెమెరా లేదు. వెనక తలుపుకి వేలాడే స్టెప్నీ చక్రం సగం అద్దాన్ని మింగేస్తుంది. పైగా పక్కింటివాళ్ళకి నడక నేర్చిన పిల్ల ఉంది. దాని మూడుచక్రాల సైకిలు రోజుకోసారైనా మా వాకిట్లోనే ఉంటుంది.

ఇదంతా మావాడికి ఒక రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. తమ్ముడి గోళీ సంగతి మా అమ్మాయికి కూడా ఎప్పుడూ చెప్పలేదు. ముగ్గురం కాసేపు మాట్లాడుకోలేదు. తర్వాత వాడే లేచి, స్పాట్ లైటు తీసి డబ్బాలో పెట్టేశాడు.

చామంతిరంగు దాని విషయంలో చిన్న వాదన జరిగింది. మెక్సికో ఎడారి పందాల్లో, దుమ్ములో వెనకవాడికి ముందుబండి కనబడాలని అలాంటి దీపం వెనక పెట్టుకుంటారని వాడన్నాడు. పెట్టుకోనీ, అది ఎడారి. ఊళ్ళో ఆ రంగు చూస్తే మలుపు తిరుగుతున్నాడేమో అనుకుంటారు. వెనకవైపు ఎరుపంటే బండి ఉందని, తెలుపంటే మన మీదకే వస్తోందని జనానికి అలవాటైపోయింది. ఆ భాష మార్చడానికి మనమెవరం?

మిగిలింది ఫ్లడ్ లైటు. అందులోనూ ఎంచవలసినవి చాలా ఉన్నాయిట, వంకాయల్లో కన్నా ఎక్కువే. డబ్బామీద ‘ఐ.పి. 67’ అని ఉందా చూడమన్నాడు. ఆరు అంటే ధూళి చొరబడదు, ఏడు అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉంచినా తడవదు. వాగులు దాటేవాడికి కావలసిందే. ఇక వెలుగు. పాతబళ్ళలో ఇరవయ్యొక్క వాట్ల బల్బు ఉండేది. ఇప్పటి ఎల్.ఇ.డి.లు దానికి ఎన్నో రెట్లు వెలుగుతాయి. ఎక్కువైతే మంచిదనుకుంటాం గానీ కాదు. వెనక తెల్లగోడ ఉంటే ఆ వెలుగంతా అద్దంలో కొట్టి, నడిపేవాడి కళ్ళే చెదురుతాయి. మధ్యరకంది చాలన్నాను. చలికాలంలో ఇంకో తిరకాసుందిట. పాతబల్బు వేడికి మంచు కరిగిపోయేది, ఎల్.ఇ.డి. వెలుగులో అంత వేడి లేక మంచు దానిమీదే పేరుకుంటుంది. దిగి తుడుచుకోవాలి. మంచిదేగా, ఆ వంకనైనా బండి వెనక్కి ఒకసారి వెళ్ళి చూస్తాడు.

ఆ తెల్లటి వెలుగు ఎలా వస్తుందో విని ఆశ్చర్యపోయాను. లోపల పుట్టేది నీలి వెలుగు. దానిమీద పసుపురంగు పూత పూస్తే, నీలం పసుపు కలిసి కంటికి తెల్లగా కనిపిస్తుంది. ఆ నీలి దీపం సాధించడానికి ఎన్నో ఏళ్ళు పట్టింది. సాధించిన ముగ్గురు జపాను శాస్త్రజ్ఞులకి 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. మనింట్లో ఏ మంచిపనికైనా ముందు పసుపు రాస్తాం కదా, దీపానికీ రాశారన్నమాట.

బిగించడంలో మాత్రం వాడికి నా సాయం అక్కర్లేదు. వెనక గేరు పడగానే వెలిగే పాత బల్బు తీగ నించి సన్నని తీగ లాగి రిలే అనే చిన్నడబ్బాకి ఇచ్చాడు. ఆ డబ్బా బ్యాటరీ నించి పెద్దకరెంటు తీసుకుని కొత్తదీపాలకి పంపుతుంది, మధ్యలో ఫ్యూజు కాపలా. కరణంగారు చీటీ రాస్తే గాదె తలుపు తెరిచినట్టు. అడవిలో గుడారం దగ్గర వెలుగు కోసం వేరే స్విచ్చి కూడా పెడతానన్నాడు. సరేగానీ, అది ఆర్పడం మరిచి రోడ్డెక్కితే వెనకొచ్చేవాడి కళ్ళు పోతాయి. ముందుకి పోయే బండికి ఆ దీపం వెలగకూడదని ఇక్కడి నిబంధన కూడాను. అందుకని స్విచ్చి వేసి ఉన్నంతసేపూ ఎదురుగా చిన్న ఎర్రబొట్టు వెలిగేలా పెట్టించాను.

దీపాలు బంపరుకి పైన అతికించలేదు. రేకులో గూళ్ళు కోసి లోపలికి అమర్చాడు, రాళ్ళు తగలకుండా. గూట్లో దీపం, నోట్లో ముద్ద అంటూ మేం పెరిగినవాళ్ళం. ఆ గూళ్ళు చూస్తే ప్రాణం లేచొచ్చింది. దీపం కిందకి ఉండటంవల్ల ఇంకో లాభముంది. వెలుగు నేలబారుగా పరుచుకుని చిన్నరాయికి కూడా పొడుగాటి నీడ పడుతుంది, గుంట గుంటలా కనిపిస్తుంది. రెండు దీపాలూ కొంచెం కిందికి, కొంచెం పక్కలకి వంచమన్నాను.

నిన్న చీకటి పడ్డాక పరీక్ష. వాడు ఎక్కి కూచున్నాడు. మా అమ్మాయి గుమ్మంలో నిలబడింది. గేరు మారిన చప్పుడైంది, గూళ్ళల్లో దీపాలు రెండూ వెలిగాయి. వాకిలంతా పాలు పోసినట్టు ఓ పదిగజాలు, అంతకుమించి లేదు. అందులో పక్కింటి పిల్ల మూడుచక్రాల సైకిలు, ఎర్రది, పక్కకి పడి ఉంది. వాడికి కనిపించిందో లేదో నాకు తెలీదు. నేను జీపుకి ఎడంగా, వాడి అద్దంలో పడేలా నిలబడి చెయ్యి ఊపుతూ, “రానీ... రానీ... రానీ...” అన్నాను. సైకిలుకి ఇంకా రెండు గజాలుండగానే,

“హోల్డాన్!”